కోరపళ్ళు వచ్చే వయసు

నవంబరు 9, సోమవారం

చిరంజీవి బుడంకాయకు,

నాన్న దీవెనలు. అమ్మ దీవెనలు కూడా ఇందులోనే కలిపాను. తను విడిగా రాస్తానని కాగితం తీసుకుంది గానీ, దాన్ని తడిపేసి పక్కన పెట్టింది. నీ పెళ్ళయిన దగ్గర్నుంచి ఏ ఉత్తరం రాసినా 'చిరంజీవి సౌభాగ్యవతి' అని మొదలుపెట్టేవాడిని. ఇవాళ కూడా చెయ్యి అలవాటుగా అటే వెళ్ళింది. మొదటి మాట రాశాక కలం ఆగిపోయింది. ఆ కాగితం చించేసి, నీ చిన్నప్పటి పేరుతో మళ్ళీ మొదలుపెట్టాను. ఇంత పేరున్న రచయిత్రిని పట్టుకుని బుడంకాయ అంటారా అని కోప్పడినా నాకు సంతోషమే. నీ కోపం విని కూడా చాలా రోజులైంది.

ఇక్కడ మేము క్షేమం అని రాయాలి. రాస్తే నువ్వు నమ్మవు, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. మీ అమ్మకు మోకాలు నొప్పి. నాకు నీ బెంగ. మన కట్టుడుపళ్ళ ల్యాబులో పని మాత్రం పుష్కలంగా ఉంది. ఊళ్ళో వాళ్ళందరూ కూడబలుక్కుని పళ్ళు ఊడగొట్టుకుంటున్నారా అన్నట్టుంది.

మీ కింది వాటాలో ఉండే ఇంటావిడ మొన్న ఫోన్ చేసింది. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశాక నీ కబురు తెలియడానికి ఆవిడే మాకు దిక్కు. పగలంతా నీ కిటికీల పరదాలు దించే ఉంటాయట. పొద్దున వేసిన పాలపాకెట్టు సాయంత్రం దాకా మెట్టు మీదే ఉంటుందట. కూర ఇద్దామని పైకి వస్తే తలుపు ఉత్తినే చేరవేసి ఉందట. నువ్వు లోపల గదిలో పడుకుని ఉన్నావు, బల్ల మీద రెండు కంచాలు పెట్టి ఉన్నాయి, రెండింట్లోనూ వడ్డించి ఉంది అని చెప్పింది. రాత్రిళ్ళు కూడా ఆ పిల్ల గడియ వెయ్యడం లేదండీ, ఏ దొంగో దూరితే ఏమిటి గతి అని ఆవిడ గోల. నా భయం దొంగల గురించి కాదు. అది నీకూ తెలుసు.

మా దగ్గరికి రమ్మంటే రానన్నావు. పోనీ మేమే వస్తామంటే వద్దన్నావు. ఎందుకు వద్దన్నావో నేను అడగను. ఒక్కటే అడుగుతాను. వారపత్రికలో నీ సీరియల్ పూర్తి చెయ్యి తల్లీ. ఆ కథ ఎక్కడ ఆగిందో నువ్వూ అక్కడే నిలబడిపోయావని మీ అమ్మ అంటోంది. నాకూ అలాగే అనిపిస్తోంది.

నువ్వు రాసిన కథ నీకే చెప్పడం వింతగా ఉంటుంది. కానీ ఈ మధ్య నీకు అది గుర్తుందో లేదో అని అనుమానంగా ఉంది, అందుకే చెప్తున్నాను. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు. ఆమె మీద మనసు పడ్డ ఒక రక్తపిశాచి. ఆఖరుగా వచ్చిన భాగంలో ఆమె ఇంకా తెల్లవారకముందే డ్యూటీ దిగి ఇంటికొచ్చింది, వాడు వెనకాలే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలివాళ్ళు రమ్మంటే తప్ప గడప దాటలేని జాతి వాడిది. ఆమె చెయ్యి గడియ మీద ఉంది. అక్కడ ఆపేసి 'సశేషం' అని రాశావు. ఆ సంచిక మా ఇంటికొచ్చిన రోజునే, స్కూటర్ మీద ఆఫీసుకు బయల్దేరిన అల్లుడు మళ్ళీ తిరిగి రాలేదు. ఆ తరువాతి వారం నుంచి నీ పేజీలో ఎవరిదో వంటింటి చిట్కాల శీర్షిక వస్తోంది. మీ అమ్మ ఆ పేజీ తిప్పి అవతల పడేస్తుంది.

ఆ సీరియల్ వచ్చే గురువారాలు మన ఇంట్లో ఎలా ఉండేవో నీకు తెలుసు. మెరుగుపెట్టే చక్రం ఆపించి నేను పైకి చదివేవాణ్ణి, అమ్మ ఒడిలో కట్టుడు పళ్ళు పెట్టుకుని చిన్న బ్రష్షుతో పొడి దులుపుతూ వినేది. పేరా పేరాకూ మా ఇద్దరికీ తగవే. రక్తపిశాచి అంటే ఎలా ఉండాలో నాకు కొన్ని స్థిరమైన అభిప్రాయాలున్నాయి. వాడు ఊరికే కంటికి కనపడకూడదు. కనపడ్డాడంటే చదివేవాడి ఒళ్ళు గగుర్పొడవాలి. చివరికి వాడి పీడ విరగడ కావాలి. నీ పిశాచి చూస్తే, ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్లడ్ బ్యాంకు ముందు వరసలో నిలబడి, నర్సమ్మకు నమస్కారం పెట్టి సీసా పట్టుకెళ్తాడు. వీడు పిశాచా, గుమాస్తానా అని నేను. పిశాచి అయినంత మాత్రాన మీదపడి కరవాలా, మర్యాద తెలిసినవాడు అని మీ అమ్మ. పైగా ఆ కోరపళ్ళు! నువ్వు రాసిన కొలతకు పళ్ళు కడితే నోరు మూతపడదు, పెదవులు కలవవు. పెదవులు కలవనివాడు ఆ నర్సు చెవిలో 'ప్రేమ' అని ఎలా అంటాడు? నలభై ఏళ్ళుగా పళ్ళు కడుతున్నవాడిగా అడుగుతున్నానని నీకు ఫోన్ చేస్తే, చచ్చిపోయినవాడికి కొలతలేమిటి నాన్నా అన్నావు. ఆ వేళ ముగ్గురం పడీ పడీ నవ్వాం.

అల్లుడిది మూడో పార్టీ. నువ్వు రాసింది చదివి వినిపిస్తుంటే చెవుల మీద దిండు అడ్డం పెట్టుకునేవాడని నువ్వే చెప్పావు. పిశాచి అంటే భయం లేదు గానీ, ఆ నర్సు ఒంటరిగా చీకట్లో ఇంటికి నడిచివెళ్ళే భాగాలు వినలేనని గోల పెట్టేవాడట. చివరికి వాళ్ళిద్దరూ బాగుంటారా లేదా, అది ముందు చెప్పు, తర్వాత చదువు అనేవాడట. అతనికి నువ్వు చెప్పావో లేదో నాకు తెలియదు. చెప్పి ఉంటే బాగుండునని ఈ మధ్య ఊరికే అనుకుంటున్నాను.

మీ పత్రిక ఎడిటర్‌గారు మంచి మనిషి. నిన్ను ఇబ్బందిపెట్టడం ఇష్టంలేక, పాఠకుల ఉత్తరాల మూట మా ల్యాబుకు పంపించాడు. మూటంటే మూటే, ఆటోవాడు భుజాన వేసుకుని తెచ్చాడు. కథ ఆగిందని తెలిసినా జనం రాస్తూనే ఉన్నారు. పైదవడ అచ్చులూ, కిందిదవడ అచ్చులూ పెట్టుకునే ట్రేలు రెండు ఖాళీ చేసి, పిశాచిని చంపమనేవాళ్ళ ఉత్తరాలు ఒక దాంట్లో, లోపలికి రానివ్వమనేవాళ్ళవి ఇంకోదాంట్లో వేస్తున్నాం. ఎన్నికల లెక్కింపు లాగా ఉంది వ్యవహారం.

ఒక బ్యాంకు క్యాషియర్, వాణ్ణి వెంటనే చంపకపోతే పత్రిక మానేస్తానని బెదిరించాడు. వాళ్ళింట్లో ఆడవాళ్ళంతా వాడి పక్షం చేరిపోయారట, తనకు మంచినీళ్ళిచ్చే దిక్కు కూడా లేదట. ఒక డ్రిల్లు మాస్టారు గుండెలో మేకు దించే పద్ధతి బొమ్మ గీసి మరీ పంపాడు. పాపం, మేకు కడుపులో దిగేలా గీశాడు. ఒక కాలేజీ పిల్ల ఏదో ఒకటి తొందరగా తేల్చండి, పరీక్షలు ముంచుకొస్తున్నాయి అని రాసింది. ఇద్దరు తోడికోడళ్ళు ఒకే కాగితం మీద రాశారు. పెద్దామె చంపమంటుంది, చిన్నామె రానివ్వమంటుంది. ఇద్దరి కింద అత్తగారు సంతకం పెట్టి, ముందు ఆ నర్సు పిల్లకు నాలుగు రోజులు సెలవిప్పించండి, నిద్రలేక మతి పోతోంది అని ఇంకో ముక్క చేర్చింది. నాకు ఆ అత్తగారు బాగా నచ్చింది.

రెండో ట్రే సంగతి కనిపెట్టింది మీ అమ్మ. రానివ్వమనే ఉత్తరాల్లో పళ్ళ మాట, నెత్తురు మాట ఎక్కడా లేదు చూశారా అంది. నేను మళ్ళీ తిరగేశాను. నిజమే, లేదు. వాళ్ళు అడిగేవన్నీ వేరే. బయట చలిగా ఉందా, వాడు ఒంటిమీద ఏం వేసుకున్నాడు అని ఒకామె. వాడు తలుపు ఎడంచేత్తోనే తట్టాడు కదా అని ఇంకొకామె. నీ పిశాచిది ఎడంచేతివాటమని నువ్వెక్కడా రాయలేదు. ఒక పెద్దాయన వణికే చేతిరాతతో, లోపలికి రానివ్వకపోయినా ఫరవాలేదు, కాసేపు గుమ్మంలో నిలబడి మాట్లాడనివ్వండి, నా మందులు ఎక్కడ సర్దిపెట్టిందో అడగాలి అని రాశాడు. నీ పిశాచి మగవాడు. ఆయన గుమ్మం బయట నిలబడింది మాత్రం ఇంకెవరో. అది అర్థమయ్యాక కాగితం అమ్మ చేతికిచ్చాను. అమ్మ ఆ ఉత్తరాన్ని ట్రేలో వెయ్యకుండా తన దగ్గరే ఉంచుకుంది.

ఆ మర్నాడు నేనొక ఘనకార్యం చేశాను. కోర్టులో పనిచేసి రిటైరైన ఒకాయనకు పై సెట్టు కడుతున్నాను. చేతులు పని చేస్తున్నాయి, బుద్ధి నీ గుమ్మం దగ్గర ఉంది. మైనంలో పళ్ళు వరస పెట్టి, అచ్చు పోసి, చిగుళ్ళ రంగు చూసి, మెరుగు పెట్టించి పంపేశాను. పళ్ళ డాక్టరమ్మ సాయంత్రానికల్లా సెట్టు వెనక్కి పంపింది. ఈయనతో ఎవర్ని కరిపిద్దామని మీ ఉద్దేశం అని చీటీ పెట్టింది. రెండు కోరపళ్ళూ మిగతావాటికంటే కిందికి దిగి ఉన్నాయి. ఆయన అద్దం చూసుకోకుండా ఇంటికెళ్ళి నవ్వాడట, మనవరాలు మంచం కిందికి దూరి ఎంతకీ బయటికి రాలేదట. ఇన్నేళ్ళ పనిలో నాకింత తప్పు పడలేదు. అల్లుడు పోయిన తరువాత మీ అమ్మ మొదటిసారి నవ్వింది ఆ చీటీ చూసే. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆ సెట్టు మళ్ళీ కట్టాలి, ఆయన ఈ లోపల జావ తాగుతున్నాడు. ఇవాళ్టికి ఇక్కడ ఆపుతాను.

మంగళవారం

ఆయన సెట్టు పంపించేసి వచ్చి కూర్చున్నాను. ఈసారి డాక్టరమ్మ మాట్లాడలేదు కాబట్టి బాగానే కుదిరినట్టు.

అసలు సంగతి ఇవాళ రాయాలి. మీ అమ్మకు ఈ కథల పిచ్చి ఎప్పుడు పట్టుకుందో నీకు పైపైన తెలుసు. నీకు ఏడాది నిండేసరికి మీ అన్నయ్యకు ఆరేళ్ళు. జ్వరమని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. నీకు వాడు ఫొటోలో తప్ప తెలియదు. ఆ తరువాత మీ అమ్మ అద్దె పుస్తకాల షాపు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పోయినవాళ్ళు లేచివచ్చే కథ ఏదున్నా తెచ్చుకునేది, అందులో వచ్చినవాణ్ణి చివరికి చంపేస్తే పుస్తకం విసిరికొట్టేది. నేనేమో వాడు పోయిన వారంలోపే ల్యాబు తెరిచాను. చుట్టాలందరూ నాది రాతిగుండె అన్నారు. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఉన్నదాన్ని చూసుకోవాలి కదా అని నేనన్నానట. మన ఇంట్లో స్థిరపడ్డ మాట అది. అమ్మది మెత్తని మనసు, అందుకని పిశాచిని రానివ్వమంటుంది. నాన్నది గట్టి మనసు, అందుకని చంపమంటాడు. పత్రికవాళ్ళు అడిగితే నువ్వు కూడా అదే చెప్పావు. చదివి గర్వంగా మీసం దువ్వుకున్నాను.

మొన్న ఇంటావిడ ఫోన్ పెట్టేశాక ఏం జరిగిందో చెప్తాను. అమ్మ లేచి వెళ్ళి, రానివ్వమనేవాళ్ళ ట్రే ఎత్తి అలమారలో పెట్టి తలుపు వేసింది. వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఆ పిల్ల గడియ తియ్యకూడదని రాయమనండి అంది. ఇన్నాళ్ళూ వాడి తరఫున నాతో పోట్లాడిన మనిషి! వాడేమైనా తప్పు చేశాడా అని అడిగాను. వాడి తప్పేం లేదు, వాడు మంచివాడే, పాపం ఎంత చలిలో నిలబడ్డాడో, అయినా వద్దు అంది. ఆ మాట అంటున్నప్పుడు తన ముఖం చూడలేకపోయాను. ఇప్పటిదాకా గుమ్మం బయట ఉన్నవాడి మీదే తన చూపు ఉండేది. ఇప్పుడు లోపల ఉన్నది తన కూతురు.

ఇక నా సంగతి. చంపు చంపు అని ఇన్నాళ్ళూ నీ ప్రాణం తీసినవాణ్ణి, ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు. వాడికి అల్లుడి ముఖం వచ్చేసింది. నువ్వు కూడా వాణ్ణి ఆ ముఖంతోనే చూస్తున్నావని నాకు తెలుసు. మేకులు వద్దు, నిప్పు వద్దు. వాణ్ణి ఏం చెయ్యాలో మేమెవ్వరం చెప్పం, క్యాషియర్‌నూ డ్రిల్లు మాస్టారునూ కూడా నోరు మూసుకోమని నేను రాస్తాను. ఆ నర్సు గడియ మీద నుంచి చెయ్యి తీసి, ముఖం కడుక్కుని, ఏదో ఒకటి తిని పడుకున్నదని రాయి. అంతకు మించి ఒక్క ముక్క కూడా అక్కర్లేదు. ఎడిటర్‌గారు ఎప్పుడు పంపినా వేసుకుంటానన్నాడు.

నీ ఉత్తరం కోసం గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూసే,

నాన్న

తాజాకలం: పోస్టు చెయ్యబోయే ముందు ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, రాతిగుండె దగ్గర అబద్ధం రాశారు, దిద్దండి అంది. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పనని నాకు మాటిచ్చిన మనిషి, ఇవాళ తనే చెప్పమంటోంది.

మీ అన్నయ్య పోవడానికి కొన్నాళ్ళ ముందు, ల్యాబులో అల్లరి చేస్తుంటే ఆటగా వాడి నోటి అచ్చు తీశాను. అన్నీ పాలపళ్ళు. వాడు పోయాక ఆ అచ్చు పారెయ్యలేకపోయాను. నేను వారంలోపే ల్యాబు తెరిచింది పని కోసం కాదు, దాని కోసం. వాడికి ఏడేళ్ళు నిండాల్సిన రోజు వచ్చింది. ఈపాటికి ముందుపళ్ళు ఊడి కొత్తవి వచ్చేవి కదా అనిపించింది. అచ్చులో ఆ పాలపళ్ళు చెక్కేసి, మైనంతో పెద్దవి పెట్టాను. మరుసటేడు వాటి పక్కవి. ఒళ్ళు ఎదిగితే దవడా ఎదుగుతుంది, అందుకని అచ్చు కూడా కొంచెం పెద్దదిగా మళ్ళీ పోసేవాణ్ణి. సెలవురోజుల్లో మధ్యాహ్నం పూట ల్యాబు లోపల గడియ పెట్టుకుని, వాణ్ణి అలా పెంచుకుంటూ వచ్చాను. నువ్వు తలుపు తట్టి తట్టి వెళ్ళిపోయేదానివి. గుర్తుందో లేదో.

పదకొండో ఏడు కోరపళ్ళు వచ్చే వయసు. అవి కూడా పెట్టాను. పెట్టి అరచేతిలోకి తీసుకుంటే వాడు నన్ను చూసి నవ్వినట్టు అయింది. నాకు భయం వెయ్యలేదు బుడంకాయా. వాడికి ఆకలిగా ఉందేమో అనిపించింది.

ఆ రోజు మీ అమ్మ తలుపు బాది బాది తెరిపించింది. నిన్ను నా ముందుకు తోసి నోరు తెరవమంది. నీ మొదటి పాలపన్ను ఊడి అప్పటికి వారమైందట. ఇంట్లో ఉండే పళ్ళ మేస్త్రీని, నేను చూడనే లేదు. నా చేతిలో ఉన్నదాన్ని తను లాక్కోలేదు, పగలగొట్టలేదు. వాడికి ఆరేళ్ళండీ, వాణ్ణి ఆరేళ్ళవాడిగానే ఉండనివ్వండి అని మాత్రం అంది. ఆ తరువాత నేను దాని జోలికి వెళ్ళలేదు. పిశాచిని చంపెయ్యాలని పుస్తకం పుస్తకానికీ నేను ఎందుకు అరిచేవాణ్ణో ఇప్పుడు నీకు తెలిసింది.

ఆ రెండో కంచం తీసెయ్యి తల్లీ. అతనికి వడ్డించిన కొద్దీ నువ్వు తినడం మానేస్తావు. మా మాట కాదని నువ్వు వద్దన్నా సరే, ఆదివారం నేనూ అమ్మా వస్తున్నాం. అప్పటిదాకా తలుపు గడియ వేసి ఉంచు. మేము వచ్చి తడతాం. మంచం దిగి, నడిచి వచ్చి, నువ్వే తియ్యాలి.